నవంబరులో ఊళ్లో ఉండిపోయినవాళ్లు

"దిగులు బొమ్మలు" అంటారు, డెన్మార్క్ చిత్రకారులు గీసిన శరత్కాలపు చర్చి ఆవరణల బొమ్మల్ని. కోపెన్‌హాగెన్‌లోని జాతీయ చిత్రశాలకి నాతో వచ్చిన స్నేహితుల్లో ముగ్గురో నలుగురో ఇదే మాట అన్నారు. సున్నం వేసిన చర్చి గోడ, ఆకులు రాలిన చెట్టు, తడి నేల, నాలుగు సమాధిరాళ్లు, పైన మబ్బు. మనిషంటూ ఉంటే ఒక్కరు, చాలాసార్లు ఆ ఒక్కరూ ఉండరు. "చావు గురించేగా, పద" అని పక్క గదిలోకి నడిచేవాళ్లు. పక్క గదిలో వేసవి ఉండేది. ఎండలో మెరిసే బీచ్ అనే జాతి చెట్ల అడవి, ఆవులు, నీలం నీళ్లు.

వాళ్లతో అప్పుడు వాదించలేదు. మ్యూజియంలో గొంతు పెంచడం ఇష్టం లేక కొంత, నా దగ్గర అప్పటికి సరైన జవాబు లేక కొంత. జవాబు దొరకడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ రోస్కిల్డె దగ్గర ఒక పల్లెలో అద్దెకున్నాను. ఇంటికీ బస్‌స్టాప్‌కీ మధ్య చర్చి, దాని చుట్టూ సమాధులు. రోజూ రెండుసార్లు ఆ గోడ పక్కనుంచే నడక.

ఇప్పుడు చెబుతున్నాను. డెన్మార్క్ చిత్రకారులు గీసిన శరత్కాలపు చర్చి ఆవరణలు చావు గురించిన బొమ్మలు కావు. వేసవి వెళ్లాక కూడా ఊళ్లోనే ఉండిపోయినవాళ్లు గీసిన బొమ్మలవి. వాటిలో ఉన్న నిశ్శబ్దం దుఃఖం కాదు, బాగా తెలిసిన చోట మనిషికి మాట్లాడాల్సిన అవసరం లేకపోవడం.

ఎందుకంటున్నానో చెప్పాలంటే, పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో అక్కడి చిత్రకారుల ఏడాది ఎలా నడిచేదో చూడాలి. ఆ కాలాన్ని డెన్మార్క్ చిత్రకళకి స్వర్ణయుగం అంటారు. చిత్రకారుడు ఎకర్స్‌బెర్గ్ 1818లో కోపెన్‌హాగెన్ కళా అకాడమీలో ప్రొఫెసర్ అయ్యాక శిష్యుల్ని ఆరుబయటికి తీసుకెళ్లి, కళ్లెదుట ఉన్నదాన్నే రంగుల్లో పెట్టమనేవాడు. అది గొప్ప మార్పే. అయితే ఆరుబయట అంటే ఎక్కువగా వేసవి. జూన్ వస్తే కుర్ర చిత్రకారులు పల్లెలకి, సముద్రపు ఒడ్డుకి పోయి చిన్న చిన్న స్కెచ్‌లు చేసుకునేవాళ్లు. చలి మొదలవగానే రాజధానికి తిరిగి వచ్చి, గదిలో పొయ్యి పక్కన కూర్చుని వాటిని పెద్ద బొమ్మలుగా పూర్తి చేసేవాళ్లు. వసంతంలో షార్లొట్టెన్‌బోర్గ్ భవనంలో ప్రదర్శన. మళ్లీ వేసవి, మళ్లీ ప్రయాణం.

ఈ లెక్కలో అక్టోబరు, నవంబరు ఎక్కడున్నాయి? సామాను సర్దుకునే నెలలవి. పల్లె బురదలోకి దిగుతుంటే చిత్రకారుడు బండెక్కి వెళ్లిపోతున్నాడు. అందుకే ఆ తరంలో వేసవి బొమ్మలు కోకొల్లలు, శరత్కాలం తక్కువ. ఉన్న ఆ కొన్నీ ఎవరు గీశారో చూస్తే విషయం తెలుస్తుంది.

క్రిస్టెన్ కోబ్కె తండ్రి కోపెన్‌హాగెన్ కోటలో రొట్టెల బట్టీ నడిపేవాడు. 1833లో ఆ కుటుంబం నగరపు బురుజులు దాటి చెరువుల పక్కన ఇల్లు తీసుకుంది. 1838లో కోబ్కె గీసిన 'సోర్టెడమ్ చెరువు దగ్గర శరత్కాలపు ఉదయం' ఇప్పుడు గ్లిప్టోటెక్ మ్యూజియంలో ఉంది. గట్టు, దాదాపు ఆకులన్నీ రాల్చేసిన చెట్లు, పొద్దున్నే ఉండే పలచటి వెలుగు. అంతే. ఆ బొమ్మ కోసం ఆయన ఏ ప్రయాణమూ చేయలేదు, ఉన్నది అక్కడే. వేసవిలో పచ్చగా చూసిన చెట్టునే బోడిగానూ చూశాడు. అతిథి అయితే ఆ చెట్టుని చూసి "అయ్యో" అనుకునేవాడు. ఏటా అది అలా కావడం ఎరిగినవాడు అనుకోడు.

ఇక్కడ వెలుగు గురించి కొంచెం చెప్పాలి. మన దగ్గరనుంచి వెళ్లినవాళ్లకి అక్కడ మొదట అర్థం కానిది అదే. నవంబరు మొదటి వారంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 57 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కోపెన్‌హాగెన్‌లో అదే రోజు, అదే వేళ 18 డిగ్రీలు. అంటే పట్టపగలు కూడా మనిషి నీడ మనిషికి మూడింతలు పొడుగు. సాయంత్రం నాలుగున్నరకల్లా పొద్దు గుంకుతుంది. మన ఎండ నెత్తిమీదనుంచి పడి వస్తువులన్నిటినీ చదును చేస్తుంది. అక్కడి ఎండ పక్కనుంచి వస్తుంది. సున్నం గోడ మీద ప్రతి గుంట, ప్రతి చార విడిగా కనిపిస్తుంది. సమాధిరాయి మీద ఎండాకాలం చదవలేకపోయిన పేరు, నవంబరు ఎండలో అక్షరాలు చెక్కిన గాడుల్లో నీడ నిలిచి చదవడానికి వస్తుంది. నేను కళ్లారా చూశాను. ఒక రాయి మీద "స్మెడ్" అన్న మాట, అంటే కమ్మరి, మూడు నెలలు ఆ దారిన నడిచాక ఒక నవంబరు మధ్యాహ్నం మొదటిసారి కనపడింది.

అది చూశాక, మబ్బు రంగు బొమ్మల్ని "రంగుల్లేనివి" అనడం నాకు చేతకాలేదు. ఆ వెలుగులో ఉన్న నిజమే ఆ బొమ్మల్లోనూ ఉంది. తెల్ల గోడ తెల్లగా ఉండదు. కింద నాచు పచ్చ, మధ్యలో పాలలో నీళ్లు కలిపిన రంగు, పైన ఎర్ర పెంకుల కప్పు నుంచి జారిన లేత గులాబీ.

ఇక ఆ చోటు గురించి. డేనిష్‌లో దాన్ని కిర్కెగోర్ అంటారు. కిర్కె అంటే చర్చి. గోర్ అంటే పెరడు, వాకిలి, పొలంతో కూడిన కమతపు ఇల్లు కూడా. నా మనసులో నేనెప్పుడూ దాన్ని చర్చి పెరడు అనే అనుకుంటాను. తత్వవేత్త కియెర్కెగార్డ్ ఇంటిపేరు ఈ మాటే. పశ్చిమ జూట్లాండ్‌లో సెడ్డింగ్ అనే పల్లెలో చర్చికి చెందిన కమతం నుంచి వాళ్లకి ఆ పేరు వచ్చింది.

పల్లె చర్చిలు చాలావరకు పన్నెండో, పదమూడో శతాబ్దాలవి. రాతి గోడ చుట్టు. లోపల ఒక్కో కుటుంబానికి ఒక్కో మడి, అడుగెత్తు పచ్చని పొదలే గట్లు. మడి మీద సన్నటి కంకర, దాని మీద పళ్ల కర్రతో గీసిన గీతలు. రాళ్ల మీద పేరుతోపాటు వృత్తి ఉంటుంది. సొంత కమతమున్న రైతు అయితే "గోరైయర్", చిన్న చెక్క పొలం ఉన్నవాడైతే "హుస్‌మన్". కమ్మరి, బడిపంతులు, మిల్లు యజమాని. భార్య రాయి మీద "కమతందారు భార్య". చచ్చిపోయాక కూడా ఎవరికి ఎన్ని ఎకరాలో తెలుస్తుంది. ఇది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ ఆ ఊరు ఎలా బతికిందో ఆ రాళ్లంత నిజాయితీగా ఇంకేదీ చెప్పదు.

ఇంకో సంగతి మనవాళ్లకి తప్పకుండా కొత్తగా ఉంటుంది. ఆ మడి శాశ్వతం కాదు. గడువు మీద తీసుకుంటారు. శవపేటికకి సాధారణంగా 20 ఏళ్లు లేదా ఇంకొంచెం, అస్థికల కలశానికి అంతకంటే తక్కువ. గడువు తీరాక కుటుంబం డబ్బు కట్టి పొడిగించుకుంటే సరి. ఎవరూ రాకపోతే రాయి తీసేస్తారు, పొదలు పీకేస్తారు, నేల చదును చేస్తారు. కాపాడదగ్గ పాత రాళ్లని కొన్నిచోట్ల గోడ వారగా నిలబెడతారు. మొదట విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. తర్వాత్తర్వాత అనిపించింది, గుర్తుపెట్టుకునే మనుషులు ఉన్నంతకాలమే పేరు ఉంటుందన్న ఒప్పందం అది, అబద్ధమేమీ లేదు అందులో.

మా ఊళ్లో శ్మశానం ఊరవతల, వాగు పక్కన ఉండేది. చిన్నప్పుడు అటువైపు వెళ్లనిచ్చేవారు కాదు. వెళ్లివచ్చిన పెద్దవాళ్లు తలస్నానం చేస్తేగానీ గడప దాటేవారు కాదు. అలా పెరిగినవాడిని, ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి సమాధుల పక్కన నడవడం మొదట్లో టెన్షన్‌గానే ఉండేది. మా క్రైస్తవ స్నేహితుడి ఇంట్లో మాత్రం నవంబరు 2న సమాధుల పండగ చేసేవాళ్లు. ముందురోజే సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పరిచి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు. పిల్లలు ఆ సమాధుల మధ్యే ఆడుకునేవాళ్లు. డెన్మార్క్‌లో నాకు అడ్డం వచ్చినది నా భయం, దారి చూపించినది వాళ్ల పండగ.

మనలో చాలామందికి యూరప్ సమాధి బొమ్మ అంటే ముందు గుర్తొచ్చేది జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్. పొగమంచు, కూలిన మఠం, గోతిక్ తలుపు, వంకర్లు తిరిగిన ఓక్ చెట్లు, శవపేటిక మోసుకెళ్లే సన్యాసులు. 1809, 1810ల్లో గీసిన ఆ 'ఓక్ వనంలో మఠం' ముందు బెర్లిన్‌లో నేను చాలాసేపు నిలబడ్డాను. గొప్ప బొమ్మ. ఆయన చదువుకున్నది కోపెన్‌హాగెన్ అకాడమీలోనే, 1794 నుంచి 1798 దాకా. అయినా దారి వేరు. ఫ్రీడ్రిక్ సమాధుల దగ్గర పైకి చూపిస్తాడు. ఈ లోకం శిథిలం, అసలుది అవతల ఉంది అంటాడు. అందుకే ఆయనకి కూలిపోయిన చర్చి కావాలి.

డేనిష్ బొమ్మలో చర్చి కూలిపోలేదు. మొన్ననే సున్నం వేశారు. ఈ తేడా చిన్నది కాదు. సున్నం గోడని నాలుగైదేళ్లు వదిలేస్తే వాన దాన్ని తినేస్తుంది. గోడ తెల్లగా ఉందంటే ఎవరో నిచ్చెన వేసుకుని ఎక్కారన్నమాట. దారి శుభ్రంగా ఉందంటే ఎవరో ఆకులు ఊడ్చారన్నమాట. బొమ్మలో మనిషి లేకపోయినా మనిషి పని ఉంది. మా వాళ్లకి "ఏమీ లేదు" అనిపించిన చోట నాకు కనిపించేది ఇదే.

ఈ మాటకి అందరికన్నా పెద్ద సాక్ష్యం ఎల్. ఎ. రింగ్. నాకు ప్రాణం ఈ చిత్రకారుడంటే. 1854లో జీలాండ్ దీవి దక్షిణాన రింగ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి వడ్రంగి పని చేసేవాడు. అసలు పేరు లౌరిట్స్ ఆండర్సన్. ఆయనకో స్నేహితుడు, ఆయనా ఆండర్సనే, ఆయనా చిత్రకారుడే. ఇద్దర్నీ జనం కలగాపులగం చేస్తున్నారని 1881 ప్రాంతంలో ఇద్దరూ తమ ఊళ్ల పేర్లు పెట్టుకున్నారు. ఒకరు రింగ్, ఇంకొకరు బ్రెండెకిల్డె. ఊరిపేరే ఇంటిపేరు కావడం మనకి కొత్తా? తెలుగువాళ్ల ఇంటిపేర్లలో సగం ఊళ్లేగా.

రింగ్ దేవుణ్ణి నమ్మలేదు. పరలోకం ఉందనుకోలేదు. అలాంటివాడు మళ్లీ మళ్లీ చర్చి గోడలూ సమాధుల ఆవరణలూ ఎందుకు గీశాడు? నా ప్రశ్నంతా ఇక్కడే ఉంది. చావంటే భయమా? కాదనను, ఆ ఆలోచన ఆయన్ని వదల్లేదు. 1887లో గీసిన 'సాయంత్రం: ముసలమ్మ, మృత్యువు' లో మూట దింపుకుని దారిపక్కన కూలబడిన ఒక ముసలామె ఉంటుంది. ఆమె పైన ఆకాశంలో కొడవలి పట్టుకుని మృత్యువు. అది చావు గురించిన బొమ్మే. అందులో బరువు ఉంది, అలుపు ఉంది, బీదరికం మీద కోపం ఉంది.

కానీ చర్చి ఆవరణ దగ్గరికి వచ్చేసరికి ఆయన మృత్యువుని ఆకాశంలోకి తీసుకురాలేదు. 1902లో ఆయన బాల్డర్స్‌బ్రోండె అనే పల్లెలో కాపురం పెట్టి పదేళ్లకి పైగా ఉన్నాడు. దానికి దగ్గర్లోనే ఫ్లోంగ్. 1904లో ఫ్లోంగ్ చర్చి ఆవరణని గీశాడు. తన ఇంటినుంచి నడిచివెళ్లేంత దూరం. తర్వాత రోస్కిల్డెలో సాంక్ట్ యోర్గెన్స్‌బేర్ అనే పేటకి మారి, 1933లో పోయేదాకా అక్కడే. అంటే ఈయన వేసవికి వచ్చిపోయే చిత్రకారుడు కాడు. అక్టోబరు బురద, నవంబరు పొగమంచు, మార్చిలో కరిగే మంచు, అన్నీ ఆయన కిటికీ అవతలివే. ఆయన బొమ్మల పేర్లు చూడండి: మోగెన్‌స్ట్రుప్ దగ్గర దారి, శరత్కాలం. ఊరి పేరు, ఋతువు పేరు. ఊళ్లో ఉన్నవాడు రోజు గురించి చెప్పేటప్పుడు వాడే రెండు మాటలే.

దేవుణ్ణి తీసేస్తే సమాధుల ఆవరణలో ఏం మిగులుతుంది? ఇరుగుపొరుగు మిగులుతుంది. నిన్నటిదాకా పక్కింట్లో ఉన్న కమ్మరి ఇప్పుడు గోడ అవతల ఉన్నాడు, అంతే తేడా. నమ్మకమున్నవాళ్లు గీస్తే ఆ చోటు స్వర్గానికి మెట్టు అవుతుంది. రింగ్ గీస్తే అది ఊళ్లో ఇంకో వీధి. ఇది నా వ్యాఖ్యానం, విమర్శకులందరూ ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఆ రాళ్ల మీది "హుస్‌మన్" అన్న మాటని రోజూ చదివాక నాకు ఇంకో రకంగా చూడటం రావడం లేదు. రింగ్ ఆ మనుషుల్లోంచి వచ్చినవాడే.

ఆయన బొమ్మల్లో ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1899లో ఆరె సరస్సు దగ్గర ఒక బెంచీని గీశాడు. పేరు 'లుండ్‌బ్యె బెంచీ'. యోహాన్ థామస్ లుండ్‌బ్యె స్వర్ణయుగపు చిత్రకారుడు. ప్రియమైన డెన్మార్క్‌ని దానికి సహజమైన నిరాడంబరతతో, అణకువతో చిత్రించడమే తన జీవితం అని డైరీలో రాసుకున్నాడు. 1848లో యుద్ధానికి వెళ్లి, పోరులో కాదు, శిబిరంలో పొరపాటున పేలిన తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. అదే ఏడాది ఫిబ్రవరిలో కోబ్కె నిమోనియాతో పోయాడు, ముప్పై ఏడేళ్లు. యాభై ఏళ్ల తర్వాత రింగ్ వెళ్లి లుండ్‌బ్యె పేరుతో ఉన్న బెంచీని బొమ్మ చేశాడు. సమాధి కన్నా బెంచీ ఆయనకి ఎక్కువ మాట్లాడిందేమో.

ఒక అభ్యంతరం ఉంది, గట్టిదే. ఈ అణకువ బొమ్మలన్నీ ఒక చిన్న దేశం తనని తాను ఓదార్చుకోవడమే అంటారు కొందరు. 1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హాగెన్ మీద బాంబులు వేసింది, 1813లో ఖజానా దివాలా తీసింది, 1814లో నార్వే పోయింది, 1864లో దక్షిణాన ష్లెస్విగ్, హోల్‌స్టైన్ పోయాయి. 1844లో కళా చరిత్రకారుడు హోయెన్ ప్రసంగం చేసి, మన నేలని, మన ప్రజలని గీయండి, జాతీయ కళ కావాలి అని పిలుపిచ్చాడు. అప్పటినుంచి బీచ్ అడవులు, ప్రాచీన సమాధి దిబ్బలు, పల్లె చర్చిలు దేశభక్తికి గుర్తులయ్యాయి. తెల్ల చర్చి ఎదురుగా ఎర్రపెంకుల ఇల్లు పెడితే జెండా రంగులు సిద్ధం.

ఇందులో నిజముంది. వేసవి బొమ్మల్లో చాలావాటిని చూస్తే నాకూ అదే అనిపిస్తుంది. మే నెల బీచ్ అడవిలో బురద ఎక్కడ? కూలివాళ్లు ఎక్కడ? అందంగా ఉండాలన్న ఒత్తిడి ఆ చెట్లమీద కనిపిస్తుంది. అయితే ఆ ఒత్తిడికి లొంగనిది శరత్కాలమే. తడిసి ముద్దయిన దారి మీద జెండా ఎగరదు. కమతందారు, కూలి, పక్కపక్కన రాళ్లయి ఉన్న చోట "మనమంతా ఒకటే" అన్న మాట అంత తేలిగ్గా నోట రాదు. నవంబరు ఆవరణ దేశం గురించి కాదు, పారిష్ గురించి, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఇళ్ల గురించి. ఇంకా చెప్పాలంటే రెండువందల గడపల గురించి.

మా పల్లె చర్చికి ఒక గ్రావర్ ఉండేది. గ్రావర్ అంటే గోతులు తవ్వేవాళ్లని అర్థం. కానీ ఆవరణ బాగోగులన్నీ వాళ్లవే. ఆవిడ అరవై దాటిన మనిషి. నాకు డేనిష్ సరిగ్గా రాదు, ఆవిడ ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా రెండో శరత్కాలం నుంచి గోడకి ఇటూ అటూ నిలబడి మాట్లాడుకునేవాళ్లం. అక్టోబరంతా ఆకులు. నవంబరు చివర్లో ఫర్ అనే సూదాకుల చెట్ల కొమ్మలు. క్రిస్మస్ ముందు సమాధుల మడుల మీద ఫర్ కొమ్మల్ని వరసగా, చాప అల్లినట్టు పరుస్తారు అక్కడ. మొక్కల వేళ్లకి చలి తగలకుండా అని మొదలైందట, ఇప్పుడు అలంకారం కూడా. ముదురు పచ్చ ఒక వరస, నీలం కలిసిన పచ్చ ఒక వరస, మధ్యలో పైన్ కాయలు. ఆవిడ మోకాళ్ల కింద స్పాంజి ముక్క వేసుకుని ఒక్కో మడికి అరగంట పైగా కూర్చునేది.

"చలి కదా, దిగులుగా ఉండదా మీకు?" అని అడిగాను. మిత్రుల మాట నా నోట్లో ఇంకా మిగిలి ఉంది.

ఆవిడ కాసేపు ఆలోచించింది. వేసవిలో అయితే ఎవరెవరో వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, అది చూడు ఇది చూడు అంటారు, తనకి పని తెమలదు అంది. "ఇప్పుడు మేమే ఉంటాం" అంది. మేము అన్నప్పుడు చెయ్యి చుట్టూ తిప్పింది. ఆ చేతి తిప్పులో ఎవరెవరు ఉన్నారో నేను అడగలేదు.

చిత్రశాలకి మళ్లీ వెళ్లినప్పుడు, ఆ బొమ్మల ముందు ఆవిడ చెయ్యి గుర్తొచ్చింది. అప్పుడు దొరికింది నాకు జవాబు. పక్క గదిలోని వేసవి ఎవరికైనా తలుపు తీస్తుంది. ఇది తియ్యదు. ఇక్కడ కాసేపు ఆగాలి. అలా ఆగడానికి సిద్ధంగా లేనివాళ్లు దాన్ని దిగులు అంటారు, వాళ్ల తప్పు కాదు, వాళ్లకి ట్రైన్ టైమవుతోంది.

నాలుగో ఏడు, నేను ఇంకో పదిరోజుల్లో ఆ ఊరు వదిలేస్తాననగా, కమ్మరి రాయి కనపడలేదు. వెతికితే ఉత్తరం గోడ వారన, ఇంకో ఐదారు రాళ్ల పక్కన ఆనించి ఉంది. గడువు తీరింది, ఎవరూ రాలేదు. మడి గట్లు తీసేశారు. కొత్త కంకర పోసి ఉంది, ఇంకా తడిగా.

ఆవిడ అక్కడే ఉంది. నన్ను చూసి తల ఊపి పని చేసుకుంటూ పోయింది. అప్పుడు గమనించాను, ఆవిడ కంకరని ముందుకి నడుస్తూ దువ్వదు. పళ్ల కర్రని ముందు పెట్టి తను వెనక్కి నడుస్తుంది. తన అడుగులు ఎక్కడ పడ్డాయో అక్కడే మళ్లీ గీతలు పడతాయి. కమ్మరి మడి మీదుగా, దారి మీదుగా అలా వెనక్కి వెనక్కి నడిచి గేటు దగ్గరికి వచ్చింది. పళ్ల కర్రని గోడకి ఆనించి, గొళ్లెం వేసింది.